ఊరికో బల్ల

“మా ఊరి బల్ల ఏది నాయనా?”

పంటల ప్రదర్శన జరిగే హాలు గుమ్మంలో నిలబడి ముసలాయన అడిగాడు. చేతిలో నాలుగు జొన్న కంకులున్నాయి.

రైతు సంఘం కార్యదర్శికి ఊపిరి సలపడం లేదు. ముఖ్య అతిథి వచ్చే వేళైంది. ఊరికో బల్ల వేయించాడు. ఒకదాని మీద అరటి గెలలు, ఇంకోదాని మీద పసుపు కొమ్ములు, ద్రాక్ష, ఉల్లి, చెరకు... ఈ ప్రాంతంలో పండనిదంటూ లేదని అతిథి నోటితోనే అనిపించాలి.

“ఏ ఊరు తాతా?”

ముసలాయన చెప్పాడు. కార్యదర్శి ఎన్నడూ వినని పేరు.

“అలాంటి ఊరు ఈ చుట్టుపక్కల లేదే! నీ పొలం ఎక్కడ?”

“రిజర్వాయరు కింద.”

“అందరివీ దాని కిందే! ఏ కాలువ?”

ముసలాయన నోరు తెరిచేలోగా బయట కారు హారన్ మోగింది.

“మా ఊరి విత్తనం నాయనా. గుడిసె ముందు వేసుకున్నా. ఏదో ఓ మూల పెట్టు.”

“ఇంత సరుకు మధ్య ఈ జొన్నలెవడు చూస్తాడు? జరుగు, దారికడ్డం!”

“పోనీ, లోపలికొచ్చి ఒక్కసారి చూసిపోతా.”

“చూసిపోవడానికి ఇదేం సంతా? పిలిచినవాళ్ళకే!”

భుజం పట్టి నెట్టాడు. కంకులు మెట్ల మీద పడ్డాయి. అతిథి బూటు కింద ఒకటి నలిగింది.

ముసలాయన కిటికీ ఊచలు పట్టుకుని బల్లలన్నీ కలియజూశాడు.

“అన్నీ బాగా పండాయి. చాలు,” అనుకుంటూ వెళ్ళిపోయాడు.

‘పిచ్చోడు,’ అనుకున్నాడు కార్యదర్శి.

ఆ మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువలు ఎండాయి. నీళ్ళెంత మిగిలాయో చూద్దామని కార్యదర్శి రిజర్వాయరుకు వెళ్ళాడు.

నీళ్ళు అడుగంటి, బురదలోంచి మొండిగోడలు బయటపడ్డాయి. వాటి మధ్య ఒక ముసలమ్మ జొన్నలు చల్లుతోంది.

“ఇక్కడ ఊరుండేదా అమ్మా?”

ఆమె పేరు చెప్పింది. అది ఎక్కడ విన్నాడో కార్యదర్శికి గుర్తొచ్చింది.

“ఓ పెద్దాయన... కంకులు పట్టుకుని మా ప్రదర్శనకి వచ్చాడు.”

“మా ఆయనే. చలికాలంలో పోయాడు. మోయడానికి మా ఊరివాడొక్కడూ రాలేదు.”

“అదేంటి? ఎందుకని?”

ఆమె చల్లడం ఆపలేదు.

“‘ఛస్తే కదలం’ అన్న ఊరిని, ‘మనం లేస్తే కిందనున్న ఊళ్ళన్నీ పండుతాయిరా’ అని కాళ్ళావేళ్ళా పడి లేపింది ఆయనే గదయ్యా!”