వాక్కాయ పాలు

చిక్కడపల్లి కిరాయి ఇంటి పెరట్లో వాక్కాయ పొద విరగకాసింది. త్రివేణి ఇటువైపు, కూతురు సంయుక్త అటువైపు నిలబడి తెంపుతుండగానే పొద్దుగూకింది. ఇంతలో కరెంటు పోయింది.

చీకట్లోనూ అవతల తెంపుతున్న చప్పుడు ఆగలేదు. ముండ్ల సందులోంచి చిన్న చెయ్యి కాయలు అందిస్తూనే ఉంది.

“ఇగ చాలు బిడ్డా, ముండ్లు గీస్కపోతయి,” అంటూ త్రివేణి ఆ చేతిని పట్టుకుంది. తెంపిన తొడిమెల నుంచి కారిన పాలకు ఇద్దరి వేళ్లూ జిగటగా అతుక్కున్నాయి. భయంభయంగా తడిమి చూసింది. ఒక్క గీత కూడా లేదు.

“అమ్మా, కొవ్వొత్తి ఏడ పెట్టినవ్?” వెనక వంటింట్లోంచి సంయుక్త కేకేసింది.

 త్రివేణి గబుక్కున వేళ్లు విప్పింది.

ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.