ఆంగస్ కనబడుటలేదు

రెండు మొక్కజొన్న పొత్తులు పట్టుకుని మెరిలీ తిరిగొచ్చేసరికి ఆంగస్ లేడు.

పరిచిన దుప్పటి ఉంది. టోపీ ఉంది. మనిషి లేడు.

వేదిక వెనక చూసింది. లంగాలు తిప్పుకుంటూ ఆడుతున్న వాళ్ళ మధ్య చూసింది. చెట్టు కింద బాంజో వాయిస్తున్న వాళ్ళని అడిగితే, వాయించడం ఆపకుండానే తలలు అడ్డంగా ఊపారు. మైదానం చివర ఏరుందని అప్పుడు గుర్తుకొచ్చింది.

తప్పు తనదే. ఏటా ఈ జానపద ఉత్సవానికి ఒక్కతే వచ్చేది, మూడు రోజుల తిండి డబ్బాల్లో సర్ది ఆంగస్‌ని ఇంట్లో వదిలేసి. ఈసారి ధైర్యం చేసింది. “ఆంగస్‌నా? అక్కడికా? నీకేమైనా మతిపోయిందా?” అని అక్క బెవ్ ఫోన్లో నెత్తీ నోరూ బాదుకుంది. దారంతా ఆంగస్ ఒకటే గొణుగుడు. ఇంకెంత దూరం? దోమలుంటాయా? నేను కారులోనే కూర్చుంటా. ఇవాళ ఏదైనా జరిగిందంటే ఇక ఈ జన్మలో ఇక్కడ కాలు పెట్టడు.

పొత్తులతోనే వలంటీర్ల గుడారానికి పరుగెత్తింది.

గుడారం మీద ‘తప్పిపోయిన పెద్దలు ఇక్కడ దొరుకుతారు’ అని బోర్డుంది. తప్పిపోయిన పిల్లలు బెంబేలెత్తకుండా ఇక్కడివాళ్ళు అలాగే రాస్తారు. లోపల సీడర్ అనే వలంటీరు గడ్డాన్ని జడ వేసుకుని, చెప్పుల్లేని కాళ్ళు బార్లా చాపుకుని టీ తాగుతున్నాడు.

“మా ఆంగస్ కనిపించడం లేదు!”

“కూర్చో అక్కా. ఈ మైదానం దాటి ఎవరూ ఎక్కడికీ పోరు. ఏం వేసుకున్నాడు?”

“నీలం నిక్కరు. మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు.”

“ఈ ఎండలో మేజోళ్ళా?”

“చెబితే వింటేగా!”

“ఫోనుందా?”

“చేతిలో ఉంటే తల ఎత్తడని కారులో పెట్టించేశాను. నా నంబరు చేతి మీద రాశాను.”

“మంచి పని చేశావు. కొత్తవాళ్ళతో మాట్లాడతాడా?”

“నేల చూస్తాడు. గేటు దగ్గర ఎవరో వాటేసుకోబోతే నా వెనక నక్కాడు.”

“ఈత వచ్చా?”

“మునగకుండా కొట్టుకోవడం వచ్చు.”

సీడర్ టీ కప్పు కింద పెట్టాడు. అతను దేనికైనా తొందరపడటం ఆ రోజుకు అదే మొదలు. వాకీటాకీ అందుకుని, “నీలం నిక్కరు, తెల్ల మేజోళ్ళు, చేతి మీద నంబరు. పేరు ఆంగస్. ముందు ఏటి గట్టు చూడండి,” అన్నాడు.

పావుగంట గడిచింది. మెరిలీకి పావుగంటలా అనిపించలేదు.

వాకీటాకీలో ఓ పెద్దావిడ నవ్వు వినిపించింది. “దొరికాడు! పిల్లల మట్టిగుంటలో ఉన్నాడు. మేజోళ్ళు ఇప్పుడు తెల్లవి కావు. నా దగ్గరే మొహానికి పులి రంగులు వేయించుకున్నాడు. బకెట్టు నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలో దూరి పంచాయితీ చేస్తున్నాడు. రమ్మంటే రానంటున్నాడు.”

మొహానికి రంగులా? సన్‌స్క్రీన్ రాయబోతేనే ఊరంతా ఏకం చేసే ఆంగస్?

మెరిలీ నాలుగు చీవాట్లు పెట్టాలనే వెళ్ళింది. తీరా చూస్తే ఆంగస్ మట్టిలో చతికిలబడి పగలబడి నవ్వుతున్నాడు. అంత నవ్వు ఆమె ఇంట్లో ఎన్నడూ వినలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు, కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి.

“ఇంకొక్క పది నిమిషాలు!” అని బతిమాలాడు ఆంగస్. “ఆనకట్ట సగంలో ఉంది!”

“పదంటే పదే,” అంటూ మెరిలీ, ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి మొగుడి ముక్కు మీది మట్టి తుడిచి, “సోమవారం పొద్దున కోర్టులో బెంచీ ఎక్కే వేళకి మాత్రం ఆ పులి మీసాలు కనిపించకూడదు, జడ్జిగారూ!” అంది.