ఎవరిదీ సీసా?

“ఈ సీసాలో ఉన్నది మీది కాదు,” అంది డాక్టరమ్మ.

బట్టల కంపెనీలో చొక్కాలకి కాలర్లు కుట్టే ఆవిడ బిత్తరపోయింది. ఆరేళ్ళుగా ఉన్నట్టుండి కడుపులో మెలిపెట్టే నొప్పి. నాలుగు ఆసుపత్రులూ ఒకే మాట రాశాయి, జబ్బేమీ లేదని.

“దానిమీద నా పేరే ఉందిగా!”

“పేరు మీదే. లోపలున్నదే తేడా. నొప్పి రాగానే వేసుకోమని పోయిన వారం మీకిచ్చింది ఉత్త విటమిన్ మాత్ర. వేసుకుంటే యూరిన్ పసుపు కలిపినట్టు రావాలి. నిజం చెప్పొద్దూ, మీరే ఏదో నాటకం ఆడుతున్నారని అనుమానమొచ్చి ఇచ్చాను.”

“వచ్చింది! అంత పచ్చగా వచ్చేసరికి హడలిపోయాను కూడా.”

“మరి ఇది చూడండి, ఎంత తేటగా ఉందో. మీ ఇంటికీ మా ల్యాబుకీ మధ్య దీన్ని మోసేదెవరు?”

“మా ఆయన.”

పక్కనే కూర్చున్న అక్క “ఊఁ...” అని దీర్ఘం తీసింది.

“నొప్పి ఉన్న రోజు పట్టిందే పరీక్షకి పనికొస్తుంది,” అంది డాక్టరమ్మ. “ఈసారి కూడా ఏమీ లేదని వస్తే, మిమ్మల్ని మనసు డాక్టరు దగ్గరికి పంపడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.”

బయట వరండాలో భర్త బత్తాయిరసం గ్లాసుతో నిలబడి ఉన్నాడు. కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో సీసాల్లో సరుకు పాడైందేమో చూసి పంపే ఉద్యోగం అతనిది. మనిషి మెతక. పెళ్ళాం నొప్పితో ముడుచుకుంటే వేడినీళ్ళ సంచి పట్టుకుని పక్కనే కూర్చుంటాడు.

“ఏమంది?”

“ఏమీ లేదంది.”

“హమ్మయ్య!” అన్నాడతను.

ఆ ‘హమ్మయ్య’ ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. ఆరేళ్ళుగా ఏ రిపోర్టు చూసినా ఇదే మాట. ఇన్నాళ్ళూ ప్రేమ అనుకుంది. గ్లాసు అందుకుంది కానీ, తాగబుద్ధి కాలేదు.

అతను ఆటో పిలవడానికి వెళ్ళగానే అక్క చెవి కొరికింది.

“నీకు పిచ్చని డాక్టరు చేత రాయించుకుంటే చాలు, ఆ మహానుభావుడికి దారి సాఫీ. ఇంకెవర్ని చూసుకున్నాడో ఏం పాడో!”

“ఊరుకో అక్కా. ఆయన అలాంటివాడు కాదు.”

“అలాంటివాళ్ళ ముఖాన రాసుంటుందా ఏమిటి?”

ఆ రోజు నుంచి అతను మంచినీళ్ళిచ్చినా ఆవిడ వాసన చూసి తాగింది. అతను ఫోన్లో నవ్వితే పని ఆపి చెవులు రిక్కించింది. ఒకే మంచం మీద పడుకుని మొగుణ్ణి దొంగలా కాపలా కాయడం ఎంత నరకమో ఆవిడకి తెలిసొచ్చింది.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే నొప్పి వచ్చింది. పళ్ళ బిగువున సీసా నింపి ఇచ్చింది. అతను దాన్ని వల సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. వెనకాలే ఆటోలో అక్క, అక్క ఒళ్ళో రెండుగా ముడుచుకుని ఆవిడ.

రెండో బస్సు కోసం దిగినచోట అతను సంచిలోంచి సీసా తీశాడు. ఎండకెత్తి పట్టుకున్నాడు. ఒకసారి ఊపాడు. పెదవి విరిచి, అటూ ఇటూ చూసి, స్టాపు వెనకున్న మరుగుదొడ్డిలోకి నడిచాడు. బయటికొచ్చేసరికి సీసా నిండుగా ఉంది, కానీ లోపలున్నది తేటగా ఉంది.

“దొరికావు మరిదీ!” అక్క వెళ్ళి చొక్కా పట్టుకుంది.

“వదినా! మీరిక్కడ... అయ్యో, దాన్నెందుకు తీసుకొచ్చారు నొప్పితో?”

“నటించకు! పద, ఏం చెప్పుకుంటావో డాక్టరమ్మకే చెప్పుకో.”

డాక్టరమ్మ గదిలో ఆవిడ కడుపు పట్టుకునే లేచి నిలబడింది. నొప్పి కంటే ఎక్కువగా ఇంకేదో కోస్తోంది.

“నన్ను వదిలించుకోవాలంటే ముఖం మీదే చెప్పొచ్చుగా. పిచ్చిదాన్ని చేయడం దేనికి?”

“వదిలించుకోవడమేమిటే!” అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తీరా సగం దారికొచ్చేసరికి సీసాలోది పాడైపోతోంది. పాడైన సరుకు చేతులారా ఎలా ఇవ్వను? మళ్ళీ ఇంటికొచ్చి, నొప్పితో ఉన్నదాన్ని లేపి ఇంకోటి పట్టివ్వమనాలంటే మనసొప్పలేదు. అందుకని నాది పట్టిచ్చేవాణ్ణి.”

“మీదా?” అంది డాక్టరమ్మ.

“ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే తిండి తింటున్నాం కదండీ. ఇద్దరం ఒకే బ్యాచ్ అనుకున్నాను.”

అక్క అతని చొక్కా వదిలేసింది. ఆవిడ మాత్రం ఏడవాలో నవ్వాలో తెలియక కుర్చీలో కూలబడింది.

డాక్టరమ్మ ముందుకు వంగింది. “పాడైందని ఎలా తెలిసింది మీకు?”

“తెలియకపోవడమేమిటండీ? ఇంట్లో బాగానే ఉంటుంది. గంటసేపు వెలుతురు తగిలిందంటే చాలు, ఎర్రగా తిరిగిపోతుంది.”

“ఒక్కసారా?”

“నొప్పి వచ్చిన ప్రతిసారీనండీ. ఆరేళ్ళ నుంచీ.”

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పెట్టేసింది.

“పాడవడం కాదు, ఆ ఎరుపే ఈవిడ జబ్బుకి గుర్తయ్యా! ఇంతమంది డాక్టర్లలో ఎవరికీ దొరకనిదాన్ని ప్రతిసారీ కనిపెట్టింది మీరే, ప్రతిసారీ పారబోసిందీ మీరే.”