టీవీ వెనక పిన్ను

14-11-1999, ఆదివారం. ముసురు. పొద్దున చేపల చెరువుకు మేత వేసి వచ్చాను.

టీవీలో కుస్తీ పోటీలు మొదలయ్యే వేళకు బొమ్మ పోయింది. ఫోను చేస్తే కేబుల్ చంద్రరావు తడుస్తూ వచ్చాడు. టీవీ వెనక ఊడిన పిన్ను నొక్కగానే బొమ్మ వచ్చింది. టీ ఇచ్చాను. కూర్చున్నాడు. ఈ ఇంట్లో రెండో గొంతు వినబడేది ఆదివారమే.

ముసుగు వస్తాదు ఈసారి కూడా కుర్చీ దెబ్బకు పడిపోయాడు. వాడంత అందంగా పడేవాడు ఇప్పుడు మరొకడు లేడన్నాను.

"ఉత్తుత్తి దెబ్బలండి రాజుగారూ! ఎవరు పడాలో ఇద్దరికీ ముందే తెలుసు."

"తెలిసి కూడా తెలియనట్టు ఆడుతున్నారు కదయ్యా. అదే నాకిష్టం."

పోటీలు అయ్యాక చంద్రరావు లేచి, తను బిగించిన పిన్నును నా ఎదుటే మళ్లీ ఊడలాగాడు.

"ఇదేంటయ్యా?"

"నడుంనొప్పితో ప్రతి ఆదివారం మీరు వంగి లాగడమెందుకండి? మిగతా రోజులు ఎలాగూ టీవీ పెట్టరు. వచ్చే వారం ఫోను కూడా వద్దండి, నేనే వస్తాను."

గొడుగు చేతికిచ్చాను. వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. టీ గ్లాసులు రెండూ కడిగి పక్కపక్కనే బోర్లించాను.