వెనక కెమెరా మీద నీళ్లు

కొత్త పరికరాల గురించి పత్రికలకు రాసి బతికేవాణ్ణి. ఊరూరా తిరగడమే నా పని. నేను బయల్దేరిన ప్రతిసారీ, క్షేమంగా తిరిగి రావాలని, అమ్మ మోసుల్‌లో మా గుమ్మం దగ్గర నిలబడి కారు వెనక గిన్నెడు నీళ్లు చల్లేది. ఆమె పోయాక ఆ ఇంటికి నేను వెళ్లలేదు.

ఒక రాత్రి ఎడారి ఊరు రుత్బా దాటాక ఒక టీకొట్టు దగ్గర ఆగి, పరీక్షించి రాయమని ఒక కంపెనీ పంపితే కారుకు బిగించుకున్న వెనక కెమెరా రికార్డింగు చూశాను. కారు ఎక్కడి నుంచి కదిలినా కెమెరా అద్దం మీద నీళ్లు వచ్చి పడుతున్నాయి. చల్లుతున్న మనిషి మాత్రం కనబడటం లేదు.

కొట్టు నడిపే అబూ సత్తార్ తొంగి చూసి నవ్వాడు.

"వానకి మొహం వాచి ఉన్నాం మేమిక్కడ! నీ కెమెరాకి పిచ్చెక్కిందయ్యా. ఇంటికెళ్లి పడుకో."

కారెక్కి, తాళం తిప్పకుండా కూర్చున్నాను. వెనక చీకట్లో గిన్నెలోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఇక చల్లకమ్మా," అన్నాను. "మన ఇంటికే వెళ్తున్నాను."

చప్పుడు ఆగింది. గిన్నెను నేల మీద పెట్టిన శబ్దం.

తర్వాత, మెల్లగా, కారు వెనక తలుపు తెరుచుకుంది.