ద్వారబంధం మీద గీతలు

కేకు మీద చాక్లెట్ పూత ఆరకముందే సైరన్ మోగింది.

"ఈ ఒక్క పూటా వెళ్ళకురా," అంది లొరేటా, పూత పూసే చాకు చేతిలో అలాగే పట్టుకుని.

డెస్మండ్ అప్పటికే నీలం ముసుగు తలకి తగిలించుకుంటున్నాడు. "వంతెన మీద స్కూలు బస్సు ఇరుక్కుందట అమ్మా. పుట్టినరోజని చెప్పి ఇంట్లో కూర్చోమంటావా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గ్రాంట్‌హేవెన్ నగరంలో లొరేటా రోజూ నడిపేది కూడా స్కూలు బస్సే.

"పోనీ, మనిషిలాగా తలుపు తీసుకుని వెళ్ళి ఏడు."

వాడు నవ్వి, వంటింటి గోడలోంచి అవతలికి నడిచి వెళ్ళిపోయాడు. గదిలో పెట్టి తాళం వేద్దామన్నా తాళానికి లొంగే పిల్లాడు కాదాయె. ఊరికి వాడు ఆపదల్లో ఆదుకునే ఐదుగురు చిచ్చరపిడుగుల్లో ఒకడు. పేరు తెలియదు, మొహం తెలియదు, గోడకి నీలం ముసుగు బొమ్మ అంటించుకుంటారంతే. లొరేటాకి మాత్రం వాడు తడి తువ్వాలు మంచం మీద పడేసే కొడుకు.

ఆమె టీవీ పెట్టింది. కొత్తది, పల్చటిది. ఈ ఇంట్లో ఇప్పటికి నాలుగు టీవీలు మారాయి. అన్నిట్లోనూ ఆమె చూసే కార్యక్రమం మాత్రం ఒకటే, కొడుకు చావు తప్పించుకోవడం.

రేవు వంతెన సగానికి విరిగి వేలాడుతోంది. దాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు కట్టారో మేయరుక్కూడా గుర్తుండదు. మేడంత ఇనుప రాక్షసుడొకడు దాన్ని పట్టుకుని ఊపుతున్నాడు. మిగతా నలుగురు చిచ్చరపిడుగులూ వాడి చుట్టూ ఈగల్లా ముసురుతున్నారు. విరిగిన అంచున పసుపుపచ్చ బస్సు ఊగుతోంది. బస్సు రేకులోంచి ఒక నీలం చుక్క బయటికి వస్తోంది, ఒక పిల్లని దించుతోంది, మళ్ళీ లోపలికి పోతోంది.

లొరేటా ఫోను అందుకుంది. ఆ ఐదుగురికీ పెద్దదిక్కు కెప్టెన్ హాలొరన్. ఆయన నంబరు ఆమెకి నోటికొచ్చు.

"కెప్టెన్ గారూ, మావాణ్ణి ఇంక వదిలేయండి. బతిమాలుకుంటున్నాను."

"లొరేటా గారూ, నియమం మీకు తెలిసిందేగా. పద్దెనిమిది నిండిన రోజున ముసుగు తీసి నా బల్ల మీద పెట్టేస్తాడు. ఆ తర్వాత వాడు వస్తానన్నా నేను రానివ్వను. ఇంకెంత, రెండేళ్ళు. ఇట్టే గడిచిపోతాయి."

"మీరెప్పుడూ ఇదే మాటంటారు."

"ఉన్నమాటే కదండీ."

పాపం, ఆయన గొంతులో అబద్ధం లేదు. అదే ఆమెకి మరీ కష్టంగా ఉంటుంది. అబద్ధమైతే పోట్లాడచ్చు.

ఫోను పెట్టేసరికి టీవీలో వంతెన కూలిపోయింది. బస్సు నీళ్ళలో పడింది. చివరిసారి లోపలికి వెళ్ళిన నీలం చుక్క మళ్ళీ బయటికి రాలేదు.

తర్వాతి ఇరవై నిమిషాలు లొరేటా ఏమీ చేయలేదు. చేయడానికేముంది? ఎగరలేదు, ఈదలేదు, ఆ రాక్షసుణ్ణి ఒక్క తన్ను తన్నలేదు. వంటింటి గుమ్మంలో కూలబడి ద్వారబంధం మీది పెన్సిల్ గీతలు చూస్తూ ఉండిపోయింది. ప్రతి పుట్టినరోజుకీ వాణ్ణి అక్కడ నిలబెట్టి గీసినవే. అడుగున మోకాలెత్తు గీత, దాని పైన నడుమెత్తువి, ఆ పైన ఆమె భుజం దాకా వచ్చినవి. అన్నిటికన్నా పై గీత లావుగా, నల్లగా ఉంది. అక్కడ కర్రకి గాడి పడింది.

పదహారు నిండితే ఆ ఊళ్ళో కారు నడపచ్చు, సోమవారం వాడికి లైసెన్సు పరీక్ష. అదీ అంతే, ప్రతిసారీ ఏదో ఒక ఆపద ముంచుకొచ్చి వాయిదా పడుతూనే ఉంది.

"అమ్మా, ఆకలి."

గోడలోంచి ముందు ముసుగు, తర్వాత మనిషి వచ్చాడు. ఒళ్ళంతా బురద. చెయ్యి పక్కటెముకల మీద ఉంది.

"పిల్లలు?" అంది లొరేటా.

"అందరూ క్షేమం. డ్రైవరు కూడా. నీలాగే లావుగా ఉందమ్మా ఆవిడ, బయటికి లాగేసరికి నా పని అయిపోయింది."

ఆమె చెంప పగలగొడదామని లేచింది. లేచి వాటేసుకుంది. "అబ్బా, నొప్పి!" అని వాడు అరిచాక గానీ వదల్లేదు. కళ్ళు తుడుచుకుని సొరుగులోంచి పెన్సిల్, స్కేలు తీసింది.

"రా, నిలబడు."

"ఇప్పుడా? ఎముక విరిగినట్టుందమ్మా!"

"విరిగింది పక్కటెముకేగా, దానివల్ల పొడుగు తగ్గిపోవులే. ఏయ్, మడమలు ఎత్తకు, దొంగవెధవా."

డెస్మండ్ బుద్ధిగా వీపు ఆనించి నిలబడ్డాడు. లొరేటా స్కేలు వాడి నెత్తి మీద పెట్టింది. ఒక్క వెంట్రుక మందం పెరిగితే చాలు, ఆ పైవాణ్ణి ఆమె ఇంకేమీ అడగదు.

పెన్సిల్ మొన జారి గాడిలో పడింది.

"పెరిగానా?" అన్నాడు వాడు ఆశగా.

"పెరగక! వచ్చే ఏడు నన్ను దాటేస్తావు," అంది లొరేటా, మొహం అటు తిప్పుకుని.

వాడు కుంటుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చుని, వేలితో చాక్లెట్ పూత గీరి నాకాడు. ఆమె ఆ వేలి మీద ఒక్కటిచ్చింది.

తర్వాత అలమారలోంచి కొవ్వొత్తుల డబ్బా తీసి, వరుసగా నలభై మూడో ఏడు కూడా, కొడుకు కేకు మీద పదహారే గుచ్చింది.