చిప్పులో నంబరు

కొమ్ము విరిగిన ఆవు చెవికున్న చిప్పు పోగు దగ్గర రీడర్ పెట్టగానే, తెర మీద ‘రోగం లేదు’ అని పడింది. పశువుల చిప్పుల్లో వివరాలు రాసే ఉద్యోగంలో ఉన్న అక్క మళ్లీ పెట్టి చూసింది, అదే పడింది. ఆ ఆవుకు అంటురోగమని నిన్ననే రిపోర్టు వచ్చింది.

“వేరే ఆవు నంబరు దీని చిప్పులో రాశాను,” అన్నాడు పశువుల డాక్టరైన తమ్ముడు. “దీనికి రోగమని తెలిస్తే, అది పాకకుండా మా మామగారి మంద మొత్తాన్నీ చంపేస్తారక్కా.”

“చిప్పులు రాసే పాస్‌వర్డ్ నాది కదరా!”

“జ్వరంతో పడుకున్నప్పుడు, నీ పని చూడమని నువ్వే చెప్పావుగా. రికార్డులో నీ పేరు చూస్తే ఎవరూ అనుమానించరులే.”

“దొరికితే?”

తమ్ముడు ఆవు తాడు విప్పి మందలోకి తోలబోయాడు.

అక్క తాడు పట్టుకుని ఆపింది. తర్వాత చిప్పులో అసలు నంబరు తిరిగి రాసి, పై అధికారికి ఫోన్ కలిపింది.

“అక్కా, నా ఉద్యోగం పోతుంది!”

“నాదైతే పోయినా ఫర్వాలేదనుకున్నావు కదరా,” అంది అక్క.